తొమ్మిదేళ్ల నునుపు

ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. టేకు చెట్టు ఆకు, పువ్వు, కాయ, బెరడు అన్నీ బోర్డు మీద బొమ్మ వేసి చూపించాను. అంతకాలంలో ఒక్కసారి కూడా టేకు మీద నాకు ప్రేమ కలగలేదు. రిటైరయ్యాక ఒక గురువారం పొద్దున, జుమ్మేరాత్ బజార్లో, చక్రాలు లేని సైకిళ్లకీ మూతలు లేని కుక్కర్లకీ మధ్య ఒక పాత చేతుల కుర్చీ కంటపడింది. ఆ చెట్టు చచ్చి డెబ్బై ఏళ్లయి ఉంటుంది. అప్పుడు కలిగింది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పాత కుర్చీల వేట అంటే కుర్చీ కొనుక్కోవడం కాదు. కొనడం ఆఖర్న జరిగే చిన్న పని. హైదరాబాదంత ఊళ్లో, ఏదో ఒక మూల, మన కోసం ఒక కుర్చీ దుమ్ము పట్టి కూర్చుని ఉందని నమ్మడం, ఆ నమ్మకంతో ఎండలో పడి తిరగడం, అదీ అసలు సంగతి. మూతపడ్డ ఇరానీ హోటళ్లు, కూల్చబోయే బంగళాలు, సినిమాలకి సామాను అద్దెకిచ్చే షెడ్లు, దేన్నీ వదలకూడదు. కుర్చీ కనిపించగానే మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, పక్కనున్న పాడైపోయిన మిక్సీ గురించి అడగాలి. అడుగుతూ అడుగుతూ కుర్చీ చేతి కిందివైపు తడమాలి. పైవైపు ఎవడైనా పాలిష్ కొడతాడు, కిందివైపు సంగతి వేరు. పేము అల్లిక అసలుదా, మరలు ఇత్తడివా అన్నది చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మనిషి అరచెయ్యి ఆనే చోట ఏళ్ల తరబడి రుద్దుకుని రుద్దుకుని వచ్చిన నునుపు. దాన్ని ఏ వడ్రంగీ తేలేడు. ఆ నునుపు మీద మొదటిసారి చెయ్యి పెట్టినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పెళ్లిచూపుల్లో కూడా అలా జరగలేదని మా ఆవిడతో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఈ వేటగాళ్లకి ఊళ్లో ఒక సంఘం ఉంది. దాని అధ్యక్షుడు ఫణిభూషణ్ అనే పళ్ల డాక్టరు. ఆయన ఏ కుర్చీనైనా తలకిందులు చేసి, టార్చి వేసి, చిన్న అద్దం లోపలికి పెట్టి చూస్తాడు. సంఘానికి ఉన్న నియమం ఒక్కటే. దొరికిన కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు.

రెండేళ్లు తిరిగేసరికి మా ఇంట్లో ఏడు కుర్చీలు చేరాయి. ఉండేది ఇద్దరం. ఇద్దరం చాప మీద కూర్చుని కాఫీ తాగేవాళ్లం.

"ఏమండీ, వచ్చినవాళ్లు నిలబడి మాట్లాడి వెళ్లిపోతున్నారు. మనింట్లో కుర్చీలు లేవని కాలనీలో చెప్పుకుంటున్నారు" అంది మా ఆవిడ విశాలి.

"ఉన్నాయి కదా!"

"ఉన్నాయని చెప్తే నమ్మేదెవరు? వాటినన్నిటినీ మేడ మీదికి ఎక్కించండి. ఓ రేకుల షెడ్డు వేయించండి. లేకపోతే నేను ఎక్కి కూర్చుంటాను."

షెడ్డు వేయాలంటే అనుమతి కావాలన్నారు. ఆ అనుమతి కోసమే నేను నగర చిల్లర అనుమతుల కార్యాలయం మెట్లెక్కాను.

పెద్ద పెద్ద అనుమతులు పెద్ద ఆఫీసులు ఇచ్చుకుంటాయి. మేడ మీద రేకులు, గుమ్మం ముందు పందిరి, కొట్టుకి షట్టరు లాంటివి వీళ్ల వాటా. పాతకాలపు రాతి బంగళా, ముందు పొడుగాటి వరండా. ఆ వరండాలో గోడ వారగా ఇరవై రెండు చేతుల కుర్చీలు వరసగా ఉన్నాయి. ప్రతి కుర్చీ వీపు మీదా తెల్ల పెయింటుతో నంబరు. నేను మెట్ల మీదే ఆగిపోయాను. గుండె ఒకటి రెండు సార్లు తప్పిందనే అనుకుంటున్నాను.

అన్నిట్లోకీ పద్నాలుగో నంబరు నన్ను పట్టేసింది. నిఖార్సైన టేకు. వెడల్పాటి చేతులు. పేము ఒక్క కన్ను కూడా తెగలేదు. ఎడమ చేతి మీద టీ గ్లాసు పెట్టి పెట్టి పడ్డ గుండ్రటి మచ్చ. కుడి చేతి చివర నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఒకటే ఇబ్బంది. అందులో ఒకావిడ కూర్చుని ఉంది.

యాభై దాటిన మనిషి. ఒళ్లో టిఫిను డబ్బా, చేతిలో కాగితాల సంచి.

"అమ్మా, ఒక్క నిమిషం లేస్తారా?" అన్నాను.

"ఎందుకు సారు?"

"కుర్చీ చూద్దామని."

"తొమ్మిదేండ్ల సంది గూసున్న. ఇయ్యాల మీరొచ్చి లెవ్వుమంటె లేస్తనా? లేస్తె నా వరస బోతది."

అక్కడి పద్ధతి తర్వాత అర్థమైంది. ఆ ఆఫీసులో చీటీలు, టోకెన్లు లేవు. కుర్చీయే వరస. ఏ కుర్చీ దొరికితే ఆ నంబరు, పని అయ్యేదాకా అదే. మంచినీళ్లకి లేచినా కుర్చీలో రుమాలో చెప్పో పెట్టి వెళ్లాలి. దాన్ని ఎవరూ ముట్టుకోరు. సంవత్సరాల తరబడి ఒకరి చెప్పుని ఒకరు గౌరవించుకుంటున్న మనుషులు వాళ్లు.

ఆవిడ పేరు బాలమణి. వాళ్ల గల్లీలో పిండి మర ఉండేది. రోడ్డు వెడల్పులో మర ముందుభాగం ఆరడుగులు పోయింది. మిగిలిన గది గట్టిగానే ఉంది, మిషను చెక్కుచెదరలేదు. అయితే మిగిలింది పనికొస్తుందని ఈ ఆఫీసు 'మిగులు యోగ్యతా పత్రం' ఇవ్వాలి. ఇచ్చేదాకా మెయిన్ స్విచ్చికి లక్క ముద్ర వేశారు. మొదటి ఏడాది ఏ ఆఫీసుకి వెళ్లాలో తెలుసుకోవడంలో గడిచింది. తక్కిన తొమ్మిదేళ్లూ పద్నాలుగో కుర్చీలో గడిచాయి.

నేను నేరుగా ఉప సంచాలకులు చక్రధరరావు గారి గదిలోకి వెళ్లాను. నా షెడ్డు అర్జీ ఆయన బల్ల మీద పెట్టి, కుర్చీ గురించి అడిగాను.

"వేలం వేస్తారా అండీ?"

"వేయవచ్చును. కానీ ముందు సదరు కుర్చీని కండెం చేయవలసి యుంటుంది. కండెం చేయుటకు అది నిరుపయోగముగా ఉన్నట్లు రుజువు కావలెను. సదరు కుర్చీలో మనిషి ఉన్నారు. మనిషి ఉన్న కుర్చీ వినియోగంలో ఉన్నట్లే లెక్క."

"ఆవిడ ఎప్పుడు లేస్తారు?"

"ఆమె దస్త్రం పరిష్కారమైన పిమ్మట."

"అది ఎప్పుడవుతుంది?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "పరిశీలనలో ఉన్నది కదా" అన్నారు.

అంటే ఆ కుర్చీ నాకు కావాలంటే బాలమణి పని జరగాలి. ఇంతకుముందు ఎవరి పని జరగడం కోసమూ నేను కాలు కదిపినవాణ్ని కాదు. మర్నాటి నుంచి పదింటికల్లా ఆ ఆఫీసులో ప్రత్యక్షమయ్యాను. ఏ బల్ల మీద ఏం ఆగిందో కూపీ లాగాను. దస్త్రం అడుగున ఒక తనిఖీ నివేదిక దొరికింది. "మూడు పర్యాయములు వెళ్లితిని. తలుపు తట్టుటకు ప్రయత్నించితిని. తలుపు కానరాలేదు. కావున పరిశీలన సాధ్యపడలేదు" అని రాసి ఉంది. తలుపు రోడ్డులో పోయిందని, రోడ్డు వేసింది ప్రభుత్వమేనని నిరూపించడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. చివరికి ఒక పాత తలుపు రిక్షాలో వేసుకెళ్లి, మర ముందు పట్టుకుని నిలబడ్డాను. తనిఖీదారు వచ్చి దాన్ని మూడుసార్లు తట్టి, లోపలికి తొంగి చూసి, బాగుందని రాసుకుని పోయాడు.

"మీకు నా పని మీద పానమా సారు, నా కుర్చీ మీదనా?" అని బాలమణి ఆ రోజు అడిగింది.

"కుర్చీ మీద."

"గట్ల జెప్పుండ్రి. నేను ఇంకేందో అనుకొని భయపడ్డ."

నా నోరు ఊరుకోదు. సంఘం సమావేశంలో ఈ ఘనకార్యమంతా చెప్పుకున్నాను. మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి వరండా అంతా వేటగాళ్లే. ఫణిభూషణ్ టార్చీ పట్టుకుని మూడో నంబరు కుర్చీ కింద దూరి ఉన్నాడు. అందులో కూర్చున్న ముసలాయన భయపడి కాళ్లు పైకి ఎత్తుకున్నాడు. సాయంత్రానికల్లా ఒక్కొక్క వేటగాడు ఒక్కొక్క అర్జీదారుని దత్తత తీసుకున్నాడు. వాళ్లలో వకీళ్లున్నారు, ఆడిటర్లున్నారు, ఒక రిటైర్డ్ జడ్జీ గారున్నారు. జడ్జీ గారు ఎనిమిదో నంబరు వీపు చెక్కడం చూసి, అందులో కూర్చున్న టైలరు కొట్టు షట్టరు గురించి నాలుగు గుమాస్తా బల్లల ముందు నిలబడి వాదించారు.

నెల తిరక్కుండా తొమ్మిది పనులు అయిపోయాయి, బాలమణిది మాత్రం ఇంకా బల్లలు మారుతూనే ఉంది. తొమ్మిది మంది లేచారు. తొమ్మిది కుర్చీలు కండెం అయి వేలంలో వేటగాళ్ల ఇళ్లకి వెళ్లాయి. ఆఫీసు బాగుపడిందని ఊళ్లో పుకారు పుట్టింది.

పుకారు పైదాకా పోయింది. పైవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఏడాదికి ఒకటీ అరా తెమిలే చోట నెలకి తొమ్మిది తెమలడం ఏమిటని 'అసాధారణ పరిష్కారాల విచారణ సంఘం' వేశారు. సాక్షిగా నన్నూ పిలిచారు, ఫణిభూషణ్‌నీ పిలిచారు.

"పాత కుర్చీలు బజారులో లభించుచుండగా, మా కార్యాలయపు కుర్చీల పైననే ప్రజలకు ఇంతటి మక్కువ ఏల?" అని అడిగారు విచారణ సంఘం అధ్యక్షులు.

ఫణిభూషణ్‌కి మైకు దొరికితే ఆగడు. "ఆ నునుపండీ! క్లబ్బుల్లో కుర్చీలకి ఇలాంటి నునుపు రాదు. అక్కడ మనుషులు కులాసాగా కూర్చుంటారు. ఇక్కడ బిగపట్టుకుని కూర్చుంటారు. గుమాస్తా తల ఎత్తినప్పుడల్లా చెయ్యి బిగుస్తుంది, ఎత్తి మళ్లీ దించేసుకున్నప్పుడల్లా జారుతుంది. రోజుకి రెండు వందల సార్లు. అలా పదేళ్లు. ప్రపంచంలో ఏ కార్ఖానా వల్లా కాదండీ ఇది" అన్నాడు.

అధ్యక్షులు కలం కింద పెట్టారు. ఇంతకాలం ఆ ఆఫీసుని అందరూ తిట్టడమే విన్నారాయన. అక్కడ ఏదో తయారవుతోందని మొదటిసారి తెలిసింది. ఆయన కళ్లు చెమర్చాయి. చక్రధరరావు గారు జేబురుమాలు అందించారు.

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. 'నిరీక్షణ వారసత్వ పథకము' అని పేరు. వరండాలో నోటీసు బోర్డుకి అతికించారు.

"ఈ కార్యాలయపు జాప్యము అమూల్యమైన ప్రజా సంపద అయియున్నందున, ఇకమీదట ఏ దస్త్రమును సంబంధిత కుర్చీ పక్వమునకు రాకముందు పరిష్కరింపరాదు. పన్నెండు సంవత్సరముల నునుపు గల కుర్చీ ప్రథమ శ్రేణి. ఎనిమిది గలది ద్వితీయ శ్రేణి. అర్జీదారులు కుడి, ఎడమ చేతులను సమానముగా ఉపయోగించవలెను. దిండ్లు, తువాళ్లు పరచుకొనుట నిషిద్ధము. అర్జీదారులకు శుభవార్తలు చెప్పిన సిబ్బందిపై చర్య తీసుకొనబడును, ఏలయన శుభవార్త వలన పట్టు సడలును."

పథకం జోరందుకుంది. ఖాళీ అయిన తొమ్మిది చోట్లా కొత్త టేకు కుర్చీలు వేశారు. వాటికి మనుషులు కావాలి కదా? కిటికీలో తులసికోట పెట్టుకోవడానికి, తీగ మీద దుప్పట్లు ఆరేసుకోవడానికి, గేటుకి గంట కట్టుకోవడానికి కూడా అనుమతి తీసుకోవాలని ఇంకో ఉత్తర్వు తెచ్చారు. వారంలో కుర్చీలన్నీ నిండాయి. నునుపు కొలిచే అధికారి అని ఒక పోస్టు సృష్టించారు. ఆయన నెలకోసారి వచ్చి ప్రతి కుర్చీ చేతి మీదా బొటనవేలు పెట్టి తోసి, ఎంత దూరం జారిందో రాసుకునేవాడు. ఒకసారి రెండో నంబరులో ఉన్న కుర్రాడు ఏదో జోకు చెప్పాడని, చుట్టుపక్కల నాలుగు కుర్చీల వాళ్లూ పట్టు వదిలి నవ్వారని అతనికి మెమో ఇచ్చారు.

మా సంఘం వాళ్ల ఆనందం చెప్పనలవి కాదు. ఇక ఎండలో తిరగక్కర్లేదు. కుర్చీని మనిషితో సహా ముందే బుక్ చేసుకోవచ్చు. ఆదివారాల్లో వరండా మూసి ఉంటుంది కాబట్టి శనివారాలు భార్యాపిల్లల్ని తీసుకొచ్చి, బుక్ చేసుకున్న కుర్చీ ఎంతవరకు వచ్చిందో చూసుకుని, అందులో కూర్చున్న పెద్దమనిషికి నమస్కారం పెట్టి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి వెళ్లేవాళ్లు.

బాలమణి దస్త్రం అప్పటికి అంతా సిద్ధమైంది. సంతకం ఒక్కటే మిగిలింది. నేను చక్రధరరావు గారి దగ్గరికి పరిగెత్తాను.

"తమరి ఆత్రుత అర్థం చేసుకోగలను" అన్నారాయన నవ్వుతూ. "కానీ పద్నాలుగో నంబరు ఇప్పుడు ద్వితీయ శ్రేణి. మరో మూడు సంవత్సరములలో ప్రథమ శ్రేణి. తమరి పేరు మీదనే నమోదు చేయించితిని. ఇంకేమి కావలెను?"

ఇక్కడ అబద్ధం ఆడను. ఆ మాట వినగానే నాకు సంతోషమే కలిగింది. ప్రథమ శ్రేణి! ఫణిభూషణ్ ఇంట్లో కూడా అలాంటిది లేదు. మూడేళ్లు ఎంతలో తిరిగిపోతాయి అనుకున్నాను. ఆ సంతోషంలోనే ఆదివారం పొద్దున బాలమణికి స్వయంగా చెబుదామని వాళ్ల గల్లీకి వెళ్లాను.

ముందు గోడ లేని గది. లోపల పిండి మిషను. ఆవిడ బెల్టు పట్టుకుని చక్రాన్ని చేత్తో తిప్పుతోంది. రోజూ పొద్దున్నే ఆఫీసుకి వచ్చే ముందు ఇరుసుకి నూనె పోసి, తుప్పు పట్టకుండా వంద చుట్లు తిప్పుతుందట. పదేళ్లుగా ఒక్క రోజు మానలేదట.

"అమ్మా, మన కుర్చీకి ఇంకో మూడేళ్లలో..." అని మొదలుపెట్టాను.

"మూడేండ్లా?" అంది. చక్రం వదిలి, గోడకి తగిలించిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. కరెంటు ఆఫీసు నుంచి వచ్చింది. పదేళ్లు వాడకం లేని కనెక్షన్ శాశ్వతంగా రద్దవుతుంది, ఇళ్ల మధ్య మరకి మళ్లీ కొత్తది ఇవ్వరు. పదేళ్లూ ఆ నెలాఖరుకి నిండుతున్నాయి. ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి.

ఆవిడ కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ గోడకి తగిలించింది. "ఈ గల్లీల నలభై ఇండ్లు సారు. పొద్దుగాల్నే డబ్బాలు లైను గట్టేటివి. డబ్బా జూసి ఎవల్దో జెప్తుంటి. జొన్నలు ఎంత సన్నగ బట్టాలె, గోధుమలు ఎంత బట్టాలె, పిండి గిట్ల ఏళ్ల నడుమ రాస్తె తెలుస్తది." చూపుడువేలు, బొటనవేలు కలిపి గాలిలో రాసి చూపించింది. "గిప్పుడు ఏళ్లు మరిచిపోయినయేమో."

నేను కుర్చీ చేతుల కిందివైపు తడిమేది కూడా సరిగ్గా ఆ రెండు వేళ్లతోనే. నాకు సిగ్గేసింది. ఆ నల్లటి నునుపు ఎవరిదో, ఎందుకు వచ్చిందో తెలిసి తెలిసి నేను దాన్ని ఇష్టపడ్డాను. ఇంటికి వచ్చి ఏడు కుర్చీల మధ్య చాప మీద కూర్చుంటే అన్నం సయించలేదు.

"ఏమైంది?" అంది విశాలి. అంతా చెప్పాను.

"కుర్చీ బాగున్నంత కాలం ఆవిణ్ని లేవనివ్వరు. అంతేగా?" అంది.

"అంతే."

"అయితే కుర్చీ పాడైపోవాలి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆడవాళ్లు ఇంత తేలిగ్గా ఎలా అనగలరో నాకు తెలియదు.

సోమవారం ఒంటిగంటకి సిబ్బంది అంతా భోజనాలకి వెళ్లారు. నేను చొక్కా జేబులోంచి ఉప్పు కాగితం తీశాను, గరుకు రకం. బాలమణికి చెవిలో చెప్పాను. ఆవిడ నన్నూ కాగితాన్నీ చూసి, మోచెయ్యి పైకి తీసింది.

మొదటి రుద్దుకి చేతి చివర తెల్లటి గీత పడింది. నా పళ్లు జివ్వుమన్నాయి. రెండో రుద్దుకి పొడి రాలింది. వరండాలో అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఒక్కరూ లేవలేదు, లేస్తే వరస పోతుంది.

"మీకు బాధైతలేదా సారు?"

"అవుతోంది."

"అయితె జల్ది గానియ్యుండ్రి" అని ఎడమ మోచెయ్యి కూడా ఎత్తింది.

తొమ్మిదేళ్ల నునుపు పావుగంటలో దిగిపోయింది. కుడి చేతి నల్లదనం, ఎడమ చేతి టీ గ్లాసు మచ్చ, అన్నీ బాలమణి చీర కుచ్చిళ్ల మీద పొడిగా పడ్డాయి. ఆవిడ లేవకుండానే ఆ పొడి దులుపుకుంది. అడుగున కొత్త టేకు, పచ్చగా, నిన్న కోసినట్టు. వృక్షశాస్త్రం మాస్టారిగా ఒక సంగతి చెప్పగలను, అది చాలా మంచి చెట్టు.

రెండింటికి చక్రధరరావు గారు వచ్చి చూసి గోడ పట్టుకున్నారు.

"ఎంత పని చేసితిరి! తొమ్మిది సంవత్సరముల ప్రభుత్వ జాప్యమును నేలపాలు చేసితిరే! ఇంతటి జాప్యమును మరల ఎక్కడినుండి తెత్తుము?"

నునుపు కొలిచే అధికారిని పిలిపించారు. ఆయన బొటనవేలు పెట్టి తోశాడు. వేలు జరగలేదు, పైగా పేడు గుచ్చుకుంది. కుర్చీ ఏ శ్రేణిలోకీ రాదని రాశాడు. శ్రేణి లేని కుర్చీలో అర్జీదారు ఎందుకు? నునుపు పెట్టే ఇతర కుర్చీల వాళ్లకి ఈవిడ వల్ల ధ్యాస చెదురుతుందని కూడా తేల్చారు. నాలుగింటికి ఒక కాగితం మీద "సదరు కూర్చొనువారు కార్యాలయమునకు నిరుపయోగమైనందున దస్త్రము ముగించడమైనది" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి, మిగులు యోగ్యతా పత్రం బాలమణి చేతిలో పెట్టారు. ఆవిడ లేచింది. లేచి కాసేపు అలాగే నిలబడింది, చెప్పు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ. ఇక పెట్టనక్కర్లేదని నేను చెప్పాల్సి వచ్చింది.

గడువుకి తొమ్మిది రోజుల ముందు లక్క ముద్ర ఊడింది. మర తిరిగింది. మొదటి డబ్బా విశాలిదే. మా ఇంటి నుంచి రెండు బస్సులు మారి తీసుకెళ్లింది.

నా సంగతి తేల్చడానికి ఇంకో సంఘం వేశారు. నేను ధ్వంసం చేసింది కుర్చీని కాదు, ఆలస్యాన్ని. ఆలస్యాన్ని జరిమానాతో భర్తీ చేయలేరు. "సదరు వ్యక్తి తాను ధ్వంసము చేసిన తొమ్మిది సంవత్సరముల జాప్యమును, అదే కుర్చీ యందు, పనిదినములలో స్వయముగా కూర్చొని పూరించవలెను. లేనిచో అతని ఇంట గల ఏడు కుర్చీలు జప్తు చేయబడును" అని తీర్పు ఇచ్చారు. నన్ను అర్జీదారుగా కూర్చోబెట్టడానికి వీలుగా నా షెడ్డు అర్జీ ఉండనే ఉంది. షెడ్డు వద్దు, అర్జీ వెనక్కి తీసుకుంటానని ఇంకో అర్జీ పెట్టాను. అది పరిశీలనలో ఉంది.

కాబట్టి ఇదంతా పద్నాలుగో నంబరులో కూర్చుని రాస్తున్నాను. జీవితంలో మొదటిసారి ఒక పాత చేతుల కుర్చీలో కూర్చున్నాను. నడుముకి హాయిగా ఉందని ఒప్పుకోవాలి. అది చక్రధరరావు గారికి తెలియకుండా మొహం బిగపట్టుకుంటున్నాను. ఇంట్లో విశాలి కూడా కుర్చీల్లో కూర్చుంటోందట, రోజుకొక దాంట్లో. నిన్న ఫణిభూషణ్ వచ్చాడు. నా మోచెయ్యి కింద వేలు పెట్టి చూసి, పెదవి విరిచి, "ఇంకా పచ్చిగా ఉంది మాస్టారూ, కాస్త ఆందోళన పడండి" అని చెప్పి పోయాడు. ఎవరో ఈ కుర్చీని బుక్ చేసుకున్నారట.

ఈ రోజు పన్నెండున్నరకి బాలమణి వచ్చింది. నెత్తి మీద బుట్ట. కొత్తగా పట్టిన జొన్నపిండితో రొట్టెలు చేసి, నాకూ, పాత కుర్చీల్లో మిగిలిన పన్నెండు మందికీ తలా ఒక పొట్లం ఇచ్చింది.

"గీ పిండి జూడుండ్రి సారు, ఏళ్లు మర్చిపోలే" అంది.

పొట్లం విప్పాను. రెండు రొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు. రొట్టెల కింద నాలుగు మడతలు పెట్టిన ఉప్పు కాగితం.

తలెత్తి చూశాను. వరండాలో పన్నెండు మందీ పొట్లాలు విప్పి, తమ తమ ఉప్పు కాగితాలు చూసి, ఒళ్లో దాచుకుని రొట్టె తింటున్నారు. బాలమణి మెట్ల మీద కూర్చుని ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుంది. గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. చక్రధరరావు గారు క్యారేజీ పట్టుకుని లోపలికి వెళ్లారు, తలుపు పడింది.

నా పక్కనున్న పదమూడో నంబరు జిట్రేగి చెక్క కుర్చీ. పదకొండేళ్ల నునుపు, ప్రథమ శ్రేణికి ఏడాది తక్కువ. అందులో ముసలాయనకి చేతులు వణుకుతాయి, ఆయన ఒక్కడి వల్ల కాదు. నేను ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నాను. తర్వాత నా కుర్చీలో రుమాలు పెట్టి లేచి, "మోచెయ్యి తియ్యండి బాబాయ్" అన్నాను.